ఎర్రదారం పొట్లాలు

యెషయా గంటె పైకి లేపితే, గంటెతోపాటు పాలగిన్నె కూడా లేచింది.

రెండు క్షణాలు గాల్లో వేలాడి, దబ్బున పొయ్యిరాళ్ల మీద పడింది. గిన్నెలో పాలు లేవు. బూడిదరంగు ముద్ద ఒకటి ఉంది. వేలితో తాకితే వేలికి అంటుకుంది. వేలు తీస్తే తీగలా సాగింది. యెషయా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇరవై రెండేళ్లుగా ఇసుకపల్లి మిషన్ దవాఖానలో మందులు కలిపిన ముక్కు అది. పొరపాటు పడదు.

"ఇదేందే హనుమండ్లూ? మందేది?"

"గదే మందు, కంపౌండర్ సాబ్. నువ్వు తెచ్చిచ్చిన పొట్లమే. రోజు సల్లల కలుపుకొని తాగుతుంటి. నిన్నటి సంది పడిశం పట్టింది. సల్ల వద్దని పాలల్ల వోసి పొయ్యి మీద పెట్టిన. గిట్లయింది." హనుమండ్లు బోసినోటితో నవ్వాడు. "కురుమోళ్లకు ఇస్తే గొంగడికి పట్టిచ్చుకుంటరు."

అతను నవ్వులాటకే అన్నాడు. యెషయాకు నవ్వు రాలేదు. కురుమవాడలో గొంగడి నేయడం అయిపోయాక చింతగింజల పిండిని ఉడికించి దానికి పట్టిస్తారు. గొంగడి బిర్రుగా నిలబడుతుంది, వాననీళ్లు జారిపోతాయి. గిన్నెలో ఉన్నది అచ్చంగా ఆ గంజే. దూలగొండి పొడి పాలలో ఉడికితే చిక్కబడుతుందే తప్ప ఇట్లా బంక కాదు. ఆ సంగతి యెషయాకంటే బాగా ఎవరికి తెలుసు? గింజలు ఉడకబెట్టింది తనే.

"పొట్లానికున్న దారమేది?"

"గూట్ల వడేసిన. దారంతోని ఏం పనే నీకు?"

ఎర్రదారం. యెషయా దాన్ని వేలికి చుట్టుకుని జేబులో వేసుకున్నాడు.

మూడు వారాల కింద హైదరాబాదు నుంచి డాక్టర్ లింగమూర్తి ఒక ట్రంకుపెట్టె, ఒక చిన్న త్రాసు తెచ్చుకుని దవాఖానలో దిగాడు. చుట్టుపక్కల ఊళ్లలో వెతికి, వణుకుడు రోగం ఉన్నవాళ్లను ఆరుగురిని పట్టాడు. తలలో ఏదో ఒక సారం ఎండిపోవడంవల్ల ఈ రోగం వస్తుందనీ, దూలగొండి గింజలో ఆ సారాన్ని మళ్లీ నింపే సత్తువ ఉందనీ ఆయన నమ్మకం. గోదావరి ఒడ్డు పొదల్లో కాయలు తెంపించడం, దురద నూగు ఒంటికి తగలకుండా తడిగోనెలో వేసి రుద్దడం, గింజల్ని పాలలో ఉడికించి పొట్టు తీసి నీడన ఆరబెట్టడం యెషయా పని. దంచడం లచ్చవ్వ పని. పొట్లాలు మాత్రం డాక్టరే గది తలుపు వేసుకుని కట్టేవాడు. ముగ్గురికి తెల్లదారం, ముగ్గురికి ఎర్రదారం. యెషయా వారానికోసారి సైకిల్ మీద తిరిగి, పేరు చూసి ఎవరిది వాళ్లకు ఇచ్చేవాడు. దారాల రంగు సంగతి ఏనాడూ అడగలేదు.

మధ్యలో ఎవరో అసలు పొడి కాజేసి, చింతగింజల పిండి పోస్తున్నారు. అంతే. ఇంకోమాట లేదు.

"మందు మాడింది," అన్నాడు యెషయా. "పారవొయ్యి. వేరేది తెస్త."

"మాడిందో మురిగిందో, నాకైతే గుణం లేకపాయె. నువ్వు కూసో. నీళ్లు సల్లారుతున్నయి."

శనివారం. యెషయా ప్రతి శనివారం లాగే తువ్వాలు మెడకు చుట్టుకుని పీట మీద కూర్చున్నాడు. లక్సెట్టిపేట దుకాణాల్లో బ్లేళ్లు దొరుకుతాయి, దవాఖానలో అందరూ వాటితోనే గీసుకుంటారు. అతను ఎన్నడూ కొనలేదు. రెండు మైళ్లు సైకిల్ తొక్కి ఇక్కడికే వస్తాడు.

హనుమండ్లు మంగలిపొది విప్పి కత్తి తీసి తోలుపట్టీ మీద నూరాడు. ఒళ్లో ఉన్నప్పుడు అతని కుడిచెయ్యి ఊరికే ఉండదు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి కనబడని బీడీని చుడుతుంటాయి. ఆ చెయ్యి ఇప్పుడు సబ్బు కుంచె పట్టుకుంది. నురుగు చెంప మీద కొంత, చెవిలో కొంత పడింది. తర్వాత ఎడమ అరచేత్తో యెషయా తలను పక్కకు వంచి, రెండు వేళ్లతో చెంప చర్మాన్ని బిగలాగాడు. ఆ వేళ్లు గట్టిగా, వెచ్చగా ఉన్నాయి. యెషయా కళ్లు మూసుకున్నాడు.

కత్తి దవడ మూల దగ్గర ఆగింది. ఆగి, కదలలేక, ఒక్కసారిగా జారింది.

"అయ్యో," అన్నాడు హనుమండ్లు.

"ఏం గాలే. గీసుకపో."

"నెత్తురు కారుతుందిరా!"

"నాది మస్తుగున్నది నెత్తురు. గీసుకపో."

హనుమండ్లు కత్తి కింద పెట్టాడు. పటిక రాయి తడిపి గాటు మీద అద్దాడు. తర్వాత అన్నాడు: "రాయమల్లు పటేలు కొడుకు పెండ్లి. మల్ల ఆదివారం పెండ్లికొడుకును జేసుడు. దండేపల్లి లచ్చయ్యను పిలుస్తమంటుండు."

పెండ్లికొడుకుకు క్షౌరం చేసి, కాళ్లగోళ్లు తీసే హక్కు ఊరి మంగలిది. రాయమల్లును పెండ్లికొడుకును చేసిందీ హనుమండ్లే. ఆ పని చేసినవాడే ఊరి మంగలి. లచ్చయ్య ఆ గుమ్మంలో ఒక్కసారి పొది విప్పితే, తెల్లారేసరికి ఊళ్లోని గడ్డాలన్నీ లచ్చయ్యవే.

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? గీ చెయ్యే నా మాట ఇనకపాయె, పటేలు ఇంటడా? బతిలాడిన. మల్ల శనివారం నా ముందట ఒకని గడ్డం గీసి సూపియ్యి, నెత్తురు రాకుంటే పని నీదే అన్నడు. ఎవడు కూసుంటడు యెషయా, నా కత్తి కింద?"

"ఎప్పుడు కూసునేటోడే కూసుంటడు," అన్నాడు యెషయా, చెంప మీద పటిక మంటకు కళ్లు చికిలించి.

*

మరునాడు కోతపండుగ. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజులు మిషన్ గుడి మెట్ల మీద ఆరాధనకు తెచ్చి పెట్టారు. ప్రార్థన అయ్యాక చింతల కింద బంతి వేశారు. అన్నం గంటె యెషయాది. అతని తండ్రి పేతురు నుంచి వచ్చిన పని అది. గంటె పట్టినవాడు వడ్డన అయ్యాక ఒకసారి వెనక్కి నడుస్తూ విస్తరి విస్తరి చూడాలి. ఒక్క విస్తరిలో తక్కువ పడిందని తెలిసినా గంటె దించకూడదు, తాను కూర్చోకూడదు. పేతురు చివరి రోజుల్లో లేవలేక మంచంలో పడుకుని కూడా "బంతి సూసినవా బిడ్డా" అని అడిగేవాడు.

లచ్చవ్వ విస్తరి దగ్గర యెషయా కావాలనే ఆగాడు.

"ఏందన్నా, గంటె ఎత్తినవ్, వెయ్యవేంది? నీ కండ్లు అన్నం మీద లెవ్వు, నా మీద ఉన్నయి. మా ఆయన పక్కకే ఉన్నడు మల్ల."

నలుగురూ నవ్వారు. యెషయా వంగి మెల్లగా అడిగాడు: "లచ్చవ్వా, నిజం జెప్పు. దూలగొండి దంచేటప్పుడు చింతగింజలు ఎవలన్న కలిపిండ్రా?"

"కలుపుడేంది? వేరే దంచిన. దూలగొండి ఒక డబ్బ, చింతగింజలు ఒక డబ్బ. వేయించి, పొట్టు దీసి, సన్నగ జల్లించి ఇచ్చిన. రెండు ఒక్క రంగు రావాలె అన్నడు."

"ఎవలన్నరు?"

"ఎవలేంది? డాక్టర్ సాబే." ఆమె అతని ముఖం చూసి నవ్వు ఆపింది. "ఏమైందన్నా? నేనేమన్న తప్పు దంచిన్నా?"

యెషయా అన్నం వేసి ముందుకు కదిలాడు. బంతి చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి విస్తరి విస్తరి చూసుకుంటూ వచ్చాడు. ఆ రోజు తను మాత్రం తినలేదు. సాయంత్రం దవాఖాన వెనక ఒంటిగది క్వార్టర్‌లో ఒక్క పళ్లెం, ఒక్క గ్లాసు కడిగి బోర్లించి, వాకిట్లో కూర్చున్నాడు. గోడకు చనిపోయిన భార్య సాయవ్వ దువ్వెన ఇంకా చెక్కి ఉంది. పక్క క్వార్టర్లో ఎవరో పిల్లకు తల దువ్వుతూ కోప్పడుతున్నారు. యెషయా చేత్తో చెంప మీది గాటు తడుముకుంటూ, ఆ కోపం ఆగేదాకా వింటూ కూర్చున్నాడు.

*

సోమవారం పొద్దున డాక్టర్ లింగమూర్తి ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు దాటని మనిషి. అద్దాలు ముక్కు మీదికి జారుతుంటే మణికట్టుతో పైకి తోసుకుంటాడు. యెషయా బల్ల మీద ఎర్రదారం ముక్క పెట్టాడు.

"మందుల దొంగ పడ్డడు సాబ్."

లింగమూర్తి దారం వంక చూశాడు. చూసి, మంచం అంచున కూర్చున్నాడు. "దొంగను వెతుకుతున్నారా యెషయా? వెతకకండి. ఆ దొంగను నేనే."

యెషయా నిలబడే ఉన్నాడు.

"రామవ్వ సంగతి మీకు గుర్తుందా? మొదటి పొట్లం ఆమె చేతిలో పెట్టానో లేదో, ఇంకా మింగకముందే 'జర నయమైంది బిడ్డా' అన్నది. డాక్టర్ వచ్చిండు, మందు తెచ్చిండు అనే సంబురానికే సగం వణుకు ఆగుతది. ఆ సంబురం ఎంత, గింజ బలం ఎంత? విడదీసి చూడాలె. అందుకని ముగ్గురికి గింజ, ముగ్గురికి ఉత్త సంబురం. ఈ ముగ్గురికీ ఆ ముగ్గురికీ తేడా కనబడితేనే హైదరాబాదులో పెద్దవాళ్లు నా కాగితం చదువుతారు. లేకుంటే అడవిగింజలు మూటగట్టుకొచ్చిండని నవ్వుతారు."

"హనుమండ్లుకు ఉత్తదే ఇయ్యాలని ఎట్ల ఎంచిండ్రు?"

"నేను ఎంచలే. చిట్టీలు వేసి తీసిన."

"చిట్టీలు," అన్నాడు యెషయా.

"తేడా కనబడుతుంది యెషయా! తెల్లదారం ముగ్గురూ లేచి తిరుగుతున్నారు. ఎర్రదారం వాళ్లు ఉన్నకాడనే ఉన్నారు. ఇంకో మూడు వారాలు ఆగితే చాలు. తర్వాత ఎర్రదారం వాళ్లకు కూడా అసలుదే ఇస్తా. ఇది నా మాట."

"హనుమండ్లుకు మూడు వారాలు లెవ్వు సాబ్. శనివారం దాకనే ఉన్నది." పెండ్లి సంగతి, కత్తి సంగతి చెప్పాడు.

లింగమూర్తి విన్నాడు. అద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు. "ఒక్కరికి మారిస్తే ఆరుగురి లెక్క పాడైతది. ఈ రోగం ఉన్నవాళ్లు ఈ ఆరుగురే కాదు. నన్ను ఇంకేం అడగకండి." లేచి, అల్మారీ తాళంచెవి తీసి యెషయా చేతిలో పెట్టాడు. "నేను హైదరాబాదు పోయి మళ్ల సోమవారం వస్తా. ఈ వారం పొడి తూచి రెండు డబ్బాల్లో పెట్టిన. మీకు తెలిసిపోయింది కాబట్టి పొట్లాలు మీరే కట్టండి. ఎవరికీ చెప్పొద్దు. మిమ్మల్ని నమ్ముతున్న."

బస్సు వెళ్లిపోయింది. మిట్టమధ్యాహ్నం దవాఖాన నిద్రపోతున్న వేళ యెషయా అల్మారీ తీశాడు. ఒకే పొడవు, ఒకే రంగు డబ్బాలు రెండు. ఒకదాంట్లో ముగ్గురికి సరిపడా దూలగొండి, ఒకదాంట్లో ముగ్గురికి సరిపడా చింతగింజ. ఇంకో పిడికెడు దూలగొండి తయారుచేయాలంటే, తెంపి, ఉడికించి, ఆరబెట్టి, దంచేసరికి వారం దాటుతుంది.

హనుమండ్లు పొట్లంలో అసలుది పోస్తే, మరొకరి పొట్లంలో ఉత్తది పోయాలి. ఎవరి పొట్లంలో? తెల్లదారం ముగ్గురి పేర్లూ ఒకటికి రెండుసార్లు మనసులో అనుకున్నాడు. ముగ్గురి గుమ్మాలూ తెలుసు. ముగ్గురి చెంబుతో నీళ్లు తాగాడు. ఏ పేరు దగ్గరా చెయ్యి ఆగలేదు.

మందులు కలిపే పెద్ద పింగాణీ గిన్నె దించాడు. రెండు డబ్బాలూ అందులో బోర్లించాడు. చెక్కగరిటెతో కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి, అడుగునుంచి పైకి కలిపాడు. ఇరవై రెండేళ్ల అలవాటున్న చెయ్యి. ఎక్కడా ఉండ కట్టలేదు. తూచి, ఆరుగురికీ సమానంగా పోసి, మడతలు తిప్పి, మూటికి తెల్లదారం, మూటికి ఎర్రదారం డాక్టరు కట్టినట్టే కట్టాడు. అంతా అయ్యాక పొట్లాలను వరసగా పెట్టి, ఒక చివరనుంచి మరో చివరకు చూసుకుంటూ వెళ్లాడు. ఏదీ తక్కువ లేదు.

*

మంగళవారం తెల్లదారం పొట్లం పట్టుకుని వెళ్లేసరికి రామవ్వ వాకిట్లో జొన్నరొట్టె తుంచుకుని తింటోంది. డెబ్బై ఏళ్ల ముసలిది. నెలకింద ముద్ద నోటిదాకా వచ్చేది కాదు.

"సూడు కొడుకా! నా చేతులతోని నేనే! కోడలు ముద్ద పెట్టి పది దినాలాయె."

"పెడతానంటే తిడుతున్నది," అంది కోడలు బాలలక్ష్మి చేట చెరుగుతూ. "నీ చేతిల ఉప్పెక్కువ అంటది. చేతిల ఉప్పెట్లుంటది చిన్నాయినా?"

"ఉంటదే! నీకేం ఎరుక?" అని రామవ్వ పొట్లం తీసుకుని కళ్లకద్దుకుంది. యెషయా నీళ్లు కూడా అడగకుండా సైకిల్ ఎక్కాడు.

గురువారం హనుమండ్లు ఇంటిముందు ఆగితే, గుమ్మంలో కూర్చుని కత్తిని సానరాయి మీద నూరుతున్నాడు. నూరే చప్పుడు తేడా లేకుండా వస్తోంది. "ఏం కలిపినవే ఈసారి?" అన్నాడు తల ఎత్తకుండానే. "చెయ్యి నాదే అనిపిస్తుంది."

శనివారం రాయమల్లు వాకిట్లో పదిమంది చేరారు. పందిట్లో పీట వేశారు. యెషయా వెళ్లి కూర్చున్నాడు.

"కంపౌండరూ, దవాఖాన దగ్గరనే ఉన్నది గదా, ఫికర్ లేదు," అన్నాడెవరో.

"గొంతు కాడ జర పైలం!"

"మీరు నోర్లు ముయ్యుండ్రి," అన్నాడు రాయమల్లు. "సూడనీయుండ్రి."

హనుమండ్లు నురుగు పట్టించాడు. చెవిలో పడలేదు. ఎడమ అరచెయ్యి నెత్తి మీద పెట్టి, రెండు వేళ్లతో చెంప లాగాడు. యెషయా కళ్లు మూసుకోలేదు. కుడిచేతి వేళ్లు కనబడని బీడీని రెండు చుట్లు చుట్టి, కత్తి పిడి తగలగానే ఆగాయి. కత్తి చెవి కింద మొదలై దవడ మూల దాకా వచ్చింది. అక్కడ ఆగింది. హనుమండ్లు నోట్లో నాలుక ఒక చెంపనుంచి మరో చెంపకు మారింది. కత్తి మూల తిరిగి గడ్డం కిందికి దిగింది. గొంతు ముడి మీదుగా గాలిలా పోయింది.

రాయమల్లు లేచి వచ్చి, యెషయా ముఖాన్ని ఎండవైపు తిప్పి, గిత్తను బేరం చేసేవాడిలా రెండు చెంపలూ అరచేత్తో రుద్ది, చెయ్యి చూసుకున్నాడు. నెత్తురు లేదు.

"సరే. రేపు పొద్దుగాల్ల రా హనుమండ్లూ. కొత్త ధోతి ఇస్త, కట్టుకొని రా."

హనుమండ్లు పొది కట్టుకుంటుంటే చెయ్యి మళ్లీ వణికింది. అది వేరే వణుకు. యెషయా ముడి వేసి ఇచ్చాడు.

ఆదివారం గుడి అయ్యాక యెషయా రాయమల్లు ఇంటికి వెళ్లి, పశువుల కొట్టం గోడనానుకుని నిలబడి చూశాడు. పసుపు పూసుకున్న పెండ్లికొడుకు కాలు హనుమండ్లు మోకాలి మీద ఉంది. హనుమండ్లు గోరు గోరుకు ఆగి, మాట పెంచి, ఆడవాళ్లను నవ్వించి పని సాగదీస్తున్నాడు. డోలు మోగుతోంది. వారం తర్వాత యెషయాకు కడుపునిండా ఆకలేసింది.

తిరిగి వస్తూ రామవ్వ వాకిలి ముందు సైకిల్ దిగాడు. ఆమె గోడకు చేరగిలి కూర్చుని ఉంది. కొంగంతా మెతుకులు. బాలలక్ష్మి ముద్ద చేసి నోటిదగ్గర పెట్టింది. రామవ్వ ముఖం పక్కకు తిప్పుకుంది. కోడలు చెయ్యి అక్కడే ఉంచింది. చాలాసేపటికి ముసలిది నోరు తెరిచింది.

"మల్లొచ్చింది కొడుకా," అంది నములుతూ. "నాలుగు దినాలైంది. పొట్లం ఒక్కపూట తప్పలే. నేనేం తప్పు జేసిన?"

యెషయా తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. మళ్లీ చుట్టుకోవడం మరిచిపోయి, ఎండలో సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు.

*

సోమవారం డాక్టర్ లింగమూర్తి ఆరుగురినీ వరండాలో కూర్చోబెట్టాడు. నిండు గ్లాసు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చమన్నాడు. పలక మీద గీత గీయమన్నాడు. వరండా ఈ కొననుంచి ఆ కొనకు నడవమని అడుగులు లెక్కపెట్టాడు. పదిహేను రోజుల కింద రామవ్వ గీసిన గీత ఆయన పుస్తకంలో ఉంది, దాదాపు తిన్నగా. ఇవాళ్టి గీత రంపంపళ్లలా ఉంది. హనుమండ్లు గ్లాసులో నీళ్లు చుక్క కూడా ఒలకలేదు. హనుమండ్లు లేచి అందరికీ దండం పెట్టి నవ్వాడు. లింగమూర్తి నవ్వలేదు.

అందరూ వెళ్లాక ఆయన పుస్తకం మూశాడు.

"అయిపోయింది యెషయా. తెల్లదారం పడిపోయింది, ఎర్రదారం లేచింది. దూలగొండి తిన్నవాళ్లు దిగజారి, చింతగింజలు తిన్నవాళ్లు బాగైతుంటే నేనేం రాయాలె? గింజలో ఏం లేదు. ఉన్నదంతా సంబురమే. పెద్దలు నవ్విందే నిజం." త్రాసు మడిచి ట్రంకులో పెట్టాడు. "బుధవారం మీటింగుంది. గుణం లేదని రాసిస్తా. మళ్ల ఎవరూ దీని జోలికి రారు. మిగిలిన కాయలు తగలబెట్టండి. ఎవరికన్నా నూగు తగుల్తది."

"రామవ్వకు?"

"రామవ్వకు ఏముంది? కోడలుంది."

నాలుగు గంటల మంచిర్యాల బస్సు. యెషయా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని డాక్టరు వెనక రోడ్డుదాకా నడిచాడు. ఇరవై రెండేళ్లలో అతను ఏ డాక్టరు ముందూ కూర్చోలేదు. మంచాల దగ్గర నిలబడ్డాడు, ఆపరేషన్ల దగ్గర నిలబడ్డాడు, సాయవ్వ కళ్లు మూసినప్పుడు కూడా డాక్టరు గదిలో ఉన్నంతసేపూ గోడకు నిలబడ్డాడు. దుమ్ము లేపుకుంటూ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ట్రంకు అందుకోవడానికి పైకి ఎక్కాడు. యెషయా ట్రంకు దించి రోడ్డు మీద పెట్టి, దానిమీద కూర్చున్నాడు.

"లేవండి యెషయా. బస్సు పోతది."

"పోనియ్యుండ్రి సాబ్. ఇంకో బస్సు వస్తది." బస్సు హారను మోగింది. యెషయా తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కూసున్నందుకు మాఫ్ జెయ్యుండ్రి. నిలవడి చెప్పేటి మాట గాదు. గింజల తప్పు లేదు, మీ తప్పు లేదు. తాళంచెవి ఇచ్చి మీరు పోయిన్నాడే, మిట్టమధ్యాహ్నం, రెండు డబ్బలు ఒక్క గిన్నెల కుమ్మరిచ్చి కలిపిన. ఎవలు జెయ్యిమనలే. దారాలు మీరు కట్టినట్టే కట్టిన, లోపల మాత్రం ఆరుగురికి ఒక్కటే. సగం దూలగొండి, సగం చింతగింజ. అందరికి సమానం వడ్డిచ్చిన అనుకున్న. నిన్న రామవ్వ కోడలి చేతి ముద్ద తింటుంటే సూసినంక తెలిసింది, ఆమె విస్తర్ల నుంచి తీసి ఇంకొకరికి ఏసిన అని.

"హనుమండ్లు మీద జాలితోని జేసిండు, మంచోడు అని మీరంటరేమో. గట్ల రాయకుండ్రి. గాయన కోసం గాదు సాబ్. మా సాయవ్వ పోయి ఏడేండ్లాయె. గీ ఏడేండ్లల్ల నా మొకం మీద చెయ్యి వెట్టిన మనిషి హనుమండ్లు ఒక్కడే. శనివారం శనివారం, ఒక్క గడియ. గా చెయ్యి నిలవాలె అనుకున్న. గది నా ఆశ. నా ఆశకు ఆరుగురి మందు ఆగం జేసిన.

"మీ కాగితంల ఉన్నదున్నట్టు రాయుండ్రి. ఇసుకపల్లి కంపౌండర్ యెషయా, పేతురు కొడుకు, నమ్మి తాళంచెవి ఇస్తే మందు పాడుజేసిండు అని రాసి, కింద నా వేలిముద్ర గాదు, సంతకమే తీసుకోండ్రి. నౌకరి తీసేస్తే తీసేయుండ్రి. కాయలు నేను కాలవెట్ట. పొదలకు ఇంకా ఉన్నయి, తెంపుకొస్త, నౌకరి లేకున్నా ఉడకవెట్టిస్త. మల్ల మొదటి సంది కట్టుండ్రి. రామవ్వకు తెల్లదారమే కట్టుండ్రి. హనుమండ్లుకు ఎర్రదే కట్టుండ్రి. నేను అడగ, ఏడ్వ. గాయన చెయ్యి మల్ల వణుకుతది, ఎరికే. శనివారం నాడు పోయి గాయన ముందట కూసుంట. తెగితే తెగనియ్యుండ్రి."